చిన్న షేక్‌గారి నాన్న నిద్ర

మా ఊరు కఫ్ర్ అల్ తూత్‌లో నన్ను 'ప్రియ సోదరులారా' అని పిలుస్తారు. అసలు పేరు అబ్దుల్ మక్సూద్. సహకార సంఘంలో ఎరువు బస్తాలు ఇచ్చే గుమాస్తాని. ఆ పేరు కాగితాల మీద బాగానే ఉంటుంది కానీ, నోరారా పిలిచేవాళ్ళు తక్కువ.

సంగతేమిటంటే, తంతాలో కాలేజీ చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో ఈ ఊరికి నా నోటిమాట చాలా అవసరమని నాకు గట్టిగా తోచింది. అది రంజాన్ నెల. నమాజుల మధ్య జనం కాసేపు నడుం వాల్చుకునే విరామంలో నాలుగు మంచి ముక్కలు చెబుతానని మసీదు ఇమాం షేక్ మెత్వల్లీని బతిమాలుకున్నాను. మైకు పట్టుకుని "ప్రియ సోదరులారా" అన్నాను. అంతే. ఆ తర్వాతి మాట ఇంకా రావలసే ఉంది. జనం చూశారు. నేనూ చూశాను. ఎవరో దగ్గారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక చంటిపిల్ల ఏడిచింది. నేను మైకు కింద పెట్టి వచ్చి కూర్చున్నాను.

"క్లుప్తంగా చెప్పావురా, బావుంది. మా షేక్ కూడా నేర్చుకోవాలి" అన్నాడు ఖమీస్. వాడు నా చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడు తుక్‌తుక్ ఆటో నడుపుతాడు. నాకు ఆ పేరు అతికించింది వాడే.

అలాంటి నాకు హుజైఫా పుట్టాడు.

వాడికి ఏడేళ్ళప్పుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం మేడమీద నుంచి ప్రసంగం వినిపించింది. పైకి వెళ్ళి చూద్దును కదా, వాడు మా ఆవిడ ఇన్సాఫ్ తువాలుని తలకి చుట్టుకుని, తిరగేసిన బక్కెట్టు మీద నిలబడి, షేక్ మెత్వల్లీ గొంతులో, ఆయన దగ్గుతో సహా, బాతులకి ప్రసంగిస్తున్నాడు. బాతులు తల పక్కకి వంచి శ్రద్ధగా వింటున్నాయి. ఇన్సాఫ్ బట్టలు ఆరేయడం మానేసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. నాకు రాకుండా పోయిన మాటలన్నీ ఆ బక్కెట్టు మీద నిలబడి ఉన్నట్టు అనిపించింది.

"అలా చూస్తావేంటయ్యా? పిల్లాడు ఆడుకుంటున్నాడు" అంది ఇన్సాఫ్.

"ఆట కాదే. ఇది దేవుడిచ్చిన వరం."

"దేవుడు ఇస్తే వాడికిచ్చాడు. నువ్వు చెయ్యి చాపకు."

నేను రెండు చేతులూ చాపాను. తంతా వెళ్ళి, ఎర్ర టోపీకి తెల్ల గుడ్డ చుట్టిన పండితుల తలపాగా, పొడుగు నల్లకోటు వాడి కొలతకి కుట్టించాను. దర్జీ "సున్తీ వేడుకకా అండీ?" అని అడిగాడు. ఆ దర్జీ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

తర్ఫీదు నాదే. పెద్ద పెద్ద బోధకుల క్యాసెట్లు వినడం, మంచి ముక్కలు ఏరడం, వాడిచేత బట్టీ పట్టించడం. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ వేలు ఎత్తాలో, ఎక్కడ ఆగి జనాన్ని చూడాలో అన్నీ నేనే. గొంతు వాడిది, మాటలు నావి, పాపం ఊపిరి కూడా నాదే. సభలో నేను వెనక నిలబడి సైగ చేసేవాణ్ణి. చెవి పట్టుకుంటే గట్టిగా చెప్పు అని. ముక్కు పట్టుకుంటే ఏడువు అని. వాడు చెబుతున్నంత సేపూ నా పెదవులు కదిలేవి. ఇంటికి వచ్చేసరికి వాడు హాయిగా ఉండేవాడు, నాకు దవడలు నొప్పి.

మొదట్లో వాడు ఓర్పు గురించీ, పొరుగువాడి హక్కుల గురించీ చెప్పేవాడు. జనం మెచ్చుకుని, ముద్దుపెట్టుకుని, టీ తాగి పోయేవారు. ఆ తర్వాత బట్టతల పాము దొరికింది.

ఆ పాము సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. నమాజు ఎగ్గొట్టినవాడి సమాధిలోకి వస్తుంది. విషం ముదిరి ముదిరి దాని తలమీద వెంట్రుకలు రాలిపోయి ఉంటాయి. ఫజర్ నమాజు, అంటే తెల్లవారుజాము నమాజు ఎగ్గొడితే పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కొడుతుంది, మధ్యాహ్నపుది ఎగ్గొడితే అక్కడినుంచి సాయంత్రం దాకా. ఒక్కో దెబ్బకీ మనిషి పాతాళానికి దిగబడిపోతాడు. దీన్ని పెద్దవాడు చెబితే జనం జేబులో గింజలు తీసి నములుతూ వింటారు. పదేళ్ళవాడు, ముందు పళ్ళ మధ్య సందుతో, "ఓ నిద్రపోతున్నవాడా!" అని సన్నటి గొంతుతో అరిస్తే మాత్రం మీసాలున్న మగవాళ్ళకి కూడా మెడ వెనక చెమట పట్టేది. ఆడవాళ్ళ తెర వెనక ఏడుపులే ఏడుపులు.

షేక్ మెత్వల్లీ ఒకరోజు నన్ను పక్కకి పిలిచాడు.

"అబ్దుల్ మక్సూద్, నాయనా, నమాజుకీ ఆ పాముకీ ముడిపెట్టే కథకి గట్టి ఆధారం లేదు. పిల్లాడిచేత దేవుడి దయ గురించి చెప్పించు."

"దయ గురించి చెప్పించాం షేక్‌గారూ. టీ తాగి వెళ్ళిపోతున్నారు."

ఆయన తల ఊపి జపమాల తిప్పుకుంటూ పోయాడు. నేను పామునే నమ్ముకున్నాను. చుట్టుపక్కల ఊళ్ళనుంచి పిలుపులొచ్చాయి. పెళ్ళి అయినా, సంతాపమైనా, ఎవరింట్లో ఎవరు పుట్టినా పోయినా చిన్న షేక్ రావాలి, వెనక నేను రావాలి. నాకు మొదటి వరసలో, బంగారు రంగు వేసిన కుర్చీ. "చిన్న షేక్‌గారి నాన్నగారు, ఇటు దయచేయండి." ఎరువు బస్తాల దగ్గర నన్ను తిట్టే రైతు అక్కడ నాకు కాఫీ అందించేవాడు.

ఇంట్లో సంగతి వేరు. ఊళ్ళకి ఊళ్ళనే వణికించే మా షేక్‌గారు దీపాలు పెట్టాక పెరట్లోని మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్ళడు. అమ్మ తోడు రావాలి. దొడ్డితలుపు బయట నిలబడాలి. నిలబడినట్టు రుజువుగా మాట్లాడుతూ ఉండాలి.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానురా."

"ఏదైనా చెప్పు."

"ఉల్లిపాయలు అయిపోయాయి."

"ఇంకా చెప్పు."

"వెల్లుల్లి కూడా అయిపోయింది. మీ నాన్నకి బుద్ధి ఎప్పుడో అయిపోయింది. త్వరగా కానీ."

నేను లోపల పడుకుని ఇదంతా వినేవాణ్ణి. చిన్నపిల్లాడు, చీకటంటే భయం, పెద్దయితే పోతుంది అనుకునేవాణ్ణి. చీకట్లో ఏముందని వాడు భయపడుతున్నాడో అడగాలని తోచలేదు. రాసిచ్చింది నేనే కదా, అడిగితే ఏం చెబుతాడు!

కొన్నాళ్ళకి ఇంకొకటి మొదలైంది. తెల్లవారుజామున అజాన్ కాగానే నా కాలి బొటనవేలు ఎవరో లాగేవారు.

"నాన్నా, ఫజర్."

"ఊఁ."

"నాన్నా, లే. అజాన్ అయింది."

"లేస్తున్నా. నువ్వు పద."

వాడు పోయేవాడు. నేను అటు తిరిగి పడుకునేవాణ్ణి. సభల నుంచి ఇల్లు చేరేసరికి ఆలస్యమయ్యేది, ఎరువుల ఆఫీసు ఎనిమిదికి, మధ్యలో దేవుడికి సమయం ఎక్కడిది? కొడుకు పదేళ్ళకే ఫజర్‌కి లేస్తున్నాడని ఊరంతా చెప్పుకుని తిరిగాను. వాడు లేపేది ఎవర్నో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వాడు ఊరుకుంటేనా? మసీదు నుంచి తిరిగి వచ్చి అడిగేవాడు. "నమాజు చేశావా నాన్నా?"

"చేశాను. ఇంట్లోనే చేసుకున్నాను."

వాడు దుప్పటి ఎత్తి నా పాదాలు ముట్టుకుని చూసేవాడు. నమాజుకి ముందు కాళ్ళు కడుక్కోవాలి కదా. "పొడిగా ఉన్నాయి" అనేవాడు. దెబ్బలాట కాదు, అరుపు కాదు. కంపౌండరు జ్వరం చూసి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేవాడు.

చదువుకున్నవాణ్ణి కదా, ఉపాయం కనిపెట్టాను. మంచం పక్కన ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్ళు పెట్టుకునేవాణ్ణి. వాడి చెప్పుల చప్పుడు వినిపించగానే పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే రెండు కాళ్ళూ అందులో ముంచి మళ్ళీ దుప్పట్లోకి లాక్కునేవాణ్ణి. ఆ శ్రమకి సగం శ్రమ పడితే లేచి నమాజు చేసుకోవచ్చు. కానీ అది వేరే సంగతి.

"మెలకువగానే ఉండి కాళ్ళు తడుపుకునేవాడివి, మిగతా వొళ్ళు ఏం పాపం చేసిందయ్యా?" అంది ఇన్సాఫ్.

"నీకు తెలీదులే, పిల్లాడి మనసు నొప్పించకూడదు."

ఆ చలికాలం, మా రైతులు తూబా అనే నెలలో, బియ్యం మిల్లు యజమాని హాజ్ దసూకీ తల్లి పోయింది. రంగురంగుల గుడ్డలతో వీధిని అడ్డంగా మూసి సంతాపపు పందిరి వేశారు. పంచదార లేని కాఫీ, వరసలు వరసలుగా కుర్చీలు, ఖురాన్ చదవడానికి తంతా నుంచి పేరున్న గొంతు. మధ్య విరామంలో చిన్న షేక్ ప్రసంగం. పైగా హాజ్ దసూకీ అల్లుడు ఉస్తాద్ నాదిర్ కైరోలో ఒక మతబోధల టీవీ ఛానల్లో పనిచేస్తాడు. ఆయన మొదటి వరసలోనే కూర్చున్నాడు. సాయంత్రమంతా నేను హుజైఫాని తోమాను.

"పామే చెప్పాలి. మూడో దెబ్బ దగ్గర ఏడవాలి. నేను ముక్కు పట్టుకుంటాను, చూసుకో. తెలిసిందా?"

"తెలిసింది నాన్నా." వాడి ముఖం పీక్కుపోయి ఉంది. కళ్ళకింద నల్లగా ఉంది. తలపాగా సరిచేసి, దీపాల వెలుగులో ఆ నలుపు బాగుంటుందిలే అనుకున్నాను.

మొదలుపెట్టాడు. అద్భుతం. "ఓ నిద్రపోతున్నవాడా!" అనేసరికి పందిట్లో కాఫీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నా పెదవులు వాడితో పాటే నడుస్తున్నాయి. "ఫజర్‌ని వదిలి పక్కమీద పొర్లినవాడా, ఆ పాము నీతో అంటుంది..."

ఆగిపోయాడు. నా పెదవులు ముందుకెళ్ళిపోయాయి, వాడు రాలేదు. నేను చెవి పట్టుకున్నాను. వాడు నా చెవిని చూడలేదు, నన్ను చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. ఇంకా ముక్కు పట్టుకోకుండానే! ఎంత తెలివైనవాడు, అనుకున్నాను.

వాడు పాముని అక్కడే వదిలేసి, చేతులెత్తి దువా మొదలుపెట్టాడు. దువా అంటే జనానికి ఆలోచన అక్కర్లేదు, ప్రతి మాటకీ ఆమీన్ అనడమే.

"అల్లాహ్, ఈ నానమ్మను క్షమించు."

"ఆమీన్!"

"ఆమె సమాధిని తోటగా చెయ్యి."

"ఆమీన్!"

"మా నాన్న అబ్దుల్ మక్సూద్‌ని క్షమించు."

"ఆమీన్!" నా ఛాతీ ఇంత అయింది. టీవీ ఆయన ముందు, నా పేరు!

"ఆయన ఫజర్‌కి లేవడు."

"ఆమీన్!" అంది పందిరి, అదే ఊపులో.

"బేసిన్‌లో కాళ్ళు తడుపుకుని మళ్ళీ పడుకుంటాడు."

"ఆమీ..." సగం మంది అన్నారు, సగం మంది నావైపు తిరిగారు.

"ఆయన మంచివాడు. నాకు సైకిలు నేర్పాడు. రాత్రి దూరాల నుంచి నన్ను భుజం మీద మోసుకొస్తాడు, అందుకే లేవలేడు. ఆ పాముకి చెప్పు అల్లాహ్, ఇది నావల్లేనని చెప్పు. కొట్టాలంటే..."

మైకులో ఎక్కిళ్ళు మాత్రం వినిపించాయి. షేక్ మెత్వల్లీ గబగబా లేచి వెళ్ళి వాణ్ణి కోటుతో సహా ఒళ్ళోకి లాక్కున్నాడు. తెర వెనక ఇన్సాఫ్ గొంతు నాకు వినబడింది. తక్కిన పందిరి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. నేను ఆ బంగారు రంగు కుర్చీలో కూర్చుని, నా పాదాలు ఎక్కడ దాచుకోవాలో తెలియక కుర్చీ కిందికి ముడుచుకున్నాను. అవి పొడిగానే ఉన్నాయి.

సిగ్గుపడి పారిపోయి ఉంటానని మీరు అనుకుంటారు. ఉస్తాద్ నాదిర్ వచ్చి నా చెయ్యి పట్టుకోకపోతే అదే చేసేవాణ్ణి.

"ఏం చేశాడండీ మీవాడు! ఇరవై మంది పిల్లల్ని చూశాను, ఇలాంటి ఏడుపు చూడలేదు. ఈ శనివారం స్టూడియోకి తీసుకురండి. ఇదే చెప్పాలి. నాన్న నిద్ర, పాము, ఏడుపు. ఒక్క ముక్క మార్చకండి."

నా సిగ్గు ఎటు పోయిందో తెలియదు. దేశమంతా నా నిద్ర గురించి వింటుంది అనే ఆలోచన నాకు తీయగా తోచిందంటే చూడండి.

ఇంటికి వచ్చాక ఇన్సాఫ్ వాణ్ణి పడుకోబెట్టి నా ముందు నిలబడింది.

"వాడు ప్రసంగం చెయ్యలేదయ్యా ఇవాళ. నిజంగా ఏడ్చాడు. నువ్వు చచ్చి ఆ గుంటలో దెబ్బలు తింటావని రోజూ నిద్రపోకుండా కూర్చుంటున్నాడట. ఇప్పుడే చెప్పాడు."

"అదేనే, అందుకే అంత బాగా వచ్చింది."

ఆమె చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది, వంటింట్లోకి పోయింది.

మర్నాటి తెల్లవారుజామున మా గుమ్మం ముందు తుక్‌తుక్ హారన్ మోగింది.

"ప్రియ సోదరా! లే! బేసిన్‌లో ఏమీ లేదు, చూశాను!" ఖమీస్. వాడి వెనక ఇంకో నలుగురు. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. లేవక ఏం చేస్తాను? ఆ వారమంతా అంతే. హారన్, నవ్వులు, తూబా నెల చన్నీళ్ళు, వణుక్కుంటూ మసీదు. హుజైఫా నా చెయ్యి పట్టుకుని గెంతుతూ నడిచేవాడు. తిరిగి వచ్చి చిక్కుడు గింజల ఫూల్ రెండు గిన్నెలు, మూడు రొట్టెలు తినేవాడు. రెండో రోజుకి పెరట్లోకి ఒక్కడే వెళ్ళాడు. దొడ్లోంచి పాట కూడా వినిపించింది.

గురువారం రిహార్సల్ పెట్టాను. పాము బాగా వచ్చింది. ముక్కు పట్టుకున్నాను. వాడు నా ముక్కుని చూశాడు.

"ఏడువురా."

"ఎందుకు నాన్నా? లేస్తున్నావుగా."

"లేవడం లేదనుకో."

"లేస్తున్నావు. ఇవాళ నా పక్కనే నిలబడ్డావు."

"పాత రోజులు తలుచుకో. అప్పుడు లేవలేదుగా?"

"అవి మాఫ్ అయిపోయాయి. పందిరంతా ఆమీన్ అంది" అన్నాడు. వాడి ముఖంలో దిగులన్నది లేదు. పళ్ళ సందులోంచి నవ్వు.

ఉస్తాద్ నాదిర్‌కి ఫోన్ చేశాను. "ఏడుపు రాకపోతే కష్టమండీ. మామూలుగా చెప్పే పిల్లలు చాలామంది ఉన్నారు. మీరు తండ్రి కదా, ఏదో ఒకటి చూడండి" అన్నాడు.

చూశాను. శుక్రవారం సాయంత్రం వెళ్ళి ఖమీస్‌ని పట్టుకున్నాను.

"రేపు హారన్ కొట్టకురా. ప్రయాణం ఉంది, పిల్లాడు పడుకోవాలి."

"పిల్లాడా, నువ్వా?"

"పిల్లాడే."

వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "సరేలే" అన్నాడు.

నా లెక్క తేలిక. నేను లేస్తే వాడు నవ్వుతాడు. నేను లేవకపోతే వాడు ఏడుస్తాడు. ఒక్క పూట నిద్ర. అందులో నాకు మంచి అనుభవం ఉంది.

అజాన్ అయింది. తమాషా ఏమిటంటే ఆరోజు నాకు నిజంగా నిద్ర లేదు. కళ్ళు మూసుకుని పడుకున్నాను. బొటనవేలు లాగాడు.

"నాన్నా."

నేను గురక పెట్టాను. అంత శ్రద్ధగా ఎప్పుడూ పెట్టలేదు.

"నాన్నా, ఇవాళ ఖమీస్ మామ రాలేదు. లే."

వాడు పాదాలు ముట్టుకున్నాడు. ఇప్పుడు ఏడుస్తాడు, ఆ తడి కైరో దాకా ఆరకుండా తీసుకెళ్ళాలి అనుకుంటున్నాను. ఏడవలేదు. చెప్పుల చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. నీళ్ళ చప్పుడు. వాడి చిన్న చెయ్యి నా కుడిచెయ్యి ఎత్తి వేళ్ళ మధ్య నీళ్ళు పోసి తోమింది. తర్వాత ఎడమది. "బిస్మిల్లాహ్, ఇది మా నాన్న తరఫున" అని గొణిగాడు. తడి చేత్తో నా ముఖం తుడిచాడు, మోచేతుల దాకా కడిగాడు, తల తడిమాడు. దుప్పటి పైకి మడిచి పాదాలు పట్టుకున్నాడు. మంచులాంటి నీళ్ళు.

మా నాన్న పోయినప్పుడు ఆయన్ని కడిగిన ముగ్గురిలో నేనొకణ్ణి. కుడిచెయ్యి ముందు, ఎడమచెయ్యి తర్వాత. తల పక్కకి వాలకుండా అరచెయ్యి కింద పెట్టాలి. వాడు కూడా అరచెయ్యి పెట్టాడు. ఎవరూ నేర్పలేదు. నేను కదలకుండా పడుకుని కడిగించుకుంటున్నాను. వాడి ఊపిరి నా చెవి దగ్గర గబగబా కొట్టుకుంటోంది. ఆ భయాన్ని నేను వరసలు వరసలుగా రాసి, గొంతు ఎక్కడ తగ్గించాలో గుర్తులు పెట్టి, నా చేత్తో వాడికిచ్చాను. ఇప్పుడు దాన్ని ఇంకొక్క పూట దాచి ఉంచుకుందామని పడుకున్నాను.

అప్పుడైనా లేచానా? లేదు. ఎలా లేవాలో తెలియలేదు. గురక పెడుతున్నవాడు ఏ ముఖంతో లేస్తాడు? ఇంతలో వాడికి మరిచిపోయిన అంగం గుర్తొచ్చింది. ముక్కులోకి నీళ్ళు పీల్చాలి కదా. చెంబు వంచి జాగ్రత్తగా నా ముక్కులో పోశాడు.

తుమ్మాను. మంచం కదిలేలా తుమ్మాను. ఇంకోటి, ఇంకోటి. వాడు చెంబు పడేసి నా మెడ వాటేసుకున్నాడు.

"లేచాడు! అమ్మా, నాన్న లేచాడు!"

పక్కగదిలోంచి ఇన్సాఫ్ గొంతు వచ్చింది. "తుమ్మితే గానీ లేవడని తెలిస్తే నేను పదేళ్ళ కిందటే మిరియాలు వాడేదాన్ని."

ఒక్క తుమ్ముతో మనిషి బాగుపడతాడని నేను చెప్పను. నమాజు చేసుకుని, తడి జుట్టుతోనే కొడుకుని తలపాగాతో మైక్రోబస్సు ఎక్కించి కైరో తీసుకెళ్ళాను. టీవీ టీవీయే.

స్టూడియోలో చెమట పట్టే దీపాలు. హుజైఫా పాము చెప్పాడు, చక్కగా చెప్పాడు. ఉస్తాద్ నాదిర్ చెయ్యి ఊపాడు. "ఇప్పుడు నాన్న సంగతి చెప్పు బాబూ."

"మా నాన్న ఇవాళ లేచాడండీ" అన్నాడు వాడు కెమెరాలోకి, చెవుల దాకా నవ్వుతూ. "నేనే లేపాను. ముక్కులో నీళ్ళు పోస్తే మూడుసార్లు తుమ్మాడు."

కెమెరా పట్టుకున్నతని భుజాలు కదిలాయి. దీపాలవాడు బయటికే నవ్వాడు. ఉస్తాద్ నాదిర్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"ఇది నవ్వుల కార్యక్రమం కాదు కదండీ. వాణ్ణి కొంచెం కదిలించండి. ఏ మాట అంటే ఏడుస్తాడో మీకు తెలిసుంటుంది."

తెలుసు. 'రేపటినుంచి లేవను' అంటే చాలు. నాలుగు మాటలు కూడా అక్కర్లేదు. దీపాల కిందికి వెళ్ళి వాడి ముందు వంగాను. తలపాగా కింద నుదుటి మీద చెమట. పొద్దుటి నీళ్ళకి వాడి వేళ్ళు ఇంకా ముడతలు పడే ఉన్నట్టు అనిపించింది, నా భ్రమ కావచ్చు. వాడు నా సైగ కోసం చూస్తున్నాడు. చెవా, ముక్కా?

"ఆకలేస్తోందా?" అన్నాను.

"బాగా."

"పద. కొషరీ తిందాం."

"అయిపోయిందా నాన్నా?"

"అయిపోయింది."

ఉస్తాద్ నాదిర్ వెనకనుంచి ఏదో అంటూనే ఉన్నాడు. కొషరీ కొట్లో వాడు తలపాగా తీసి పక్క కుర్చీలో పెట్టాడు. పెద్ద గిన్నె అన్నం, పప్పు, సేమ్యా, వేయించిన ఉల్లిపాయలు. కారం ఎక్కువ వేసుకుని కళ్ళవెంట నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఏడుపు చూసి నాకు నవ్వొచ్చింది.

"నాన్నా, పాము నిజంగా ఉందా?"

"షేక్ మెత్వల్లీగారు ఆ కథకి ఆధారం లేదన్నారు."

"ఎప్పుడన్నారు?"

"మొన్న... ఈమధ్యనే" అన్నాను. ఇప్పటికి ఏడాది దాటింది. అన్నీ ఒకేరోజు ఒప్పుకుంటే నేను తట్టుకోలేను.

వాడు చెంచా ఆపి ఆలోచించాడు. "అయితే దయ గురించి చెప్పనా ఇకమీద?"

"నీ ఇష్టం. చెప్పకపోయినా సరే."

"బాతులకి చెబుతా" అన్నాడు, మళ్ళీ గిన్నెలో పడ్డాడు.

మర్నాడు అజాన్‌కి ముందే నాకు మెలకువ వచ్చింది. బొటనవేలు లాగుతాడని చూశాను. అజాన్ అయింది. ఎవరూ రాలేదు. లేచి వెళ్ళి చూస్తే వాడు నోరు తెరుచుకుని, దుప్పటి తన్నేసి, మంచానికి అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. ఎన్నాళ్ళ నిద్రో. నేను ఒంగి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"లేపావంటే చూడు" అంది ఇన్సాఫ్ చీకట్లోంచి.

ఒక్కణ్ణే వెళ్ళాను. మసీదు మెట్ల దగ్గర ఖమీస్ చెప్పులు విప్పుతున్నాడు. నన్ను చూసి వాడి నోరు తెరుచుకుంది.

"హారన్ లేకుండానే! చిన్న షేక్ ఏడీ?"

"పడుకున్నాడు."

"అయితే నీ తరఫున భయపడేది ఎవర్రా ఇక?"

"నేనే భయపడతాలే. పిల్లాడిచేత ఎన్నాళ్ళు చేయించను?"

వరసలో వాడి పక్కనే నిలబడ్డాను. షేక్ మెత్వల్లీ గొంతు మెల్లగా, వెచ్చగా ఉంది. సజ్దాలో నుదురు చాపకి ఆనించాను. చాప మెత్తగా ఉంది. తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, ఖమీస్ మోచెయ్యి నా డొక్కలో పొడుస్తోంది, వరసంతా నిలబడి ఉంది, నేనొక్కణ్ణే నేలమీద ఉన్నాను.

నమాజు అయ్యాక వాడు గోడకి ఆనుకుని నవ్వలేక చచ్చాడు. నవ్వనిచ్చాను. ఊరంతా చెప్పుకుంటాడని తెలుసు, చెప్పుకోనీ. గుమ్మం దగ్గర వాడి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాను.

"ఎవరికైనా చెప్పుకోరా. మావాడికి మాత్రం చెప్పకు."